మీ మేనేజరు మీ సూపర్‌వైజర్ కాదు

ఒక కెరీర్ కౌన్సెలర్ నాకు రాసిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. బెంగళూరులో ఒక గైడెన్స్ సంస్థలో మూడేళ్లుగా కెరీర్ కౌన్సెలర్‌ని. రోజుకు ఏడు సెషన్లు. తల్లిదండ్రులు రాత్రి పదకొండింటికి కూడా ఫోన్ చేస్తారు. నాకు నాలుగేళ్ల పాప. నీట్ రెండోసారి కూడా పోయిన ఒక అబ్బాయి ఒక్క సెషన్‌కి వచ్చి మళ్లీ రాలేదు. నెల రోజులైంది, నిద్ర పట్టడం లేదు. సూపర్విజన్ కావాలని అడిగితే "నేనున్నాను కదా" అన్నారు మా మేనేజరు. ఈ పనిలో వర్క్-లైఫ్ బ్యాలెన్స్ అనేది అసలు కుదిరే పనేనా, లేక మానేయడమే మంచిదా?

మానేయాలా వద్దా అన్నది చివర్లో చూద్దాం. నేను ఈ పనిలోకి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. మాది మదనపల్లె. బెంగళూరులో మొదట ఒక స్కూల్లో చేశాను, ఇప్పుడు జయనగర్‌లో సొంతంగా చూసుకుంటున్నాను. మొదటి ఆరేళ్లు సూపర్విజన్ అనే మాటే నాకు తెలియదు. ఆ ఆరేళ్లలో మీరు రాసినవన్నీ నాకూ జరిగాయి.

మన దగ్గర ముందుగా ఆ మాటే చిక్కు తెస్తుంది. సూపర్‌వైజర్ అనగానే మనకు గుర్తొచ్చేది పరీక్ష హాల్లో వరసల మధ్య తిరిగే ఆయన, లేదంటే సైట్ దగ్గర గొడుగు కింద నిలబడి అరిచే ఆయన. పర్యవేక్షణ అని తెలుగులో చెప్పినా అదే వాసన. అందుకే మీ మేనేజరు "నేనున్నాను కదా" అనడంలో ఆయన తప్పేమీ లేదు, నిజంగానే అలా అనుకుని ఉంటారు. కౌన్సెలింగ్‌లో సూపర్విజన్ అంటే వేరు. మీకంటే అనుభవం ఉన్న ఇంకో కౌన్సెలర్ ముందు, క్రమం తప్పకుండా, మీ కేసుల్ని పెట్టుకుని, అందులో మీరు ఏం చేశారు, మీకు ఏం జరిగింది అని మాట్లాడుకోవడం. బ్రిటన్‌లో బ్రిజిడ్ ప్రాక్టర్ అనే ఆవిడ 1980లలో దీనికి మూడు పనులున్నాయని చెప్పింది: పని పద్ధతిగా, నీతిగా జరుగుతోందా చూడటం, చేసేవాళ్ల నైపుణ్యం పెంచడం, వాళ్లలో ఖాళీ అయినదాన్ని మళ్లీ నింపడం. మీరు అడుగుతున్నది ఈ మూడోది. మొదటి రెండూ లేకుండా మూడోది ఒక్కటే దొరకదు, అది తర్వాత చెప్తాను.

మీ మేనేజరు ఎందుకు పనికిరారంటే, ఆయన చేతిలో మీ అప్రైజల్ ఉంది. "ఆ అబ్బాయి విషయంలో నేను తొందరపడ్డానేమో" అని మీరు ఆయనతో అనగలరా? అంటే, మార్చిలో ఆ మాట ఏ కాగితం మీద కనిపిస్తుందో అని మీకే భయం. కాబట్టి అనరు. ఆయనతో బాగున్న కేసులు చెప్తారు, బాగాలేనివి ఇంటికి మోసుకుపోతారు. ఆయన ఎంత మంచివారైనా ఇంతే. నా మొదటి ఉద్యోగంలో మా కోఆర్డినేటర్ చాలా మంచి మనిషి, నేను ఆయనకు ఆరేళ్లలో ఒక్క తప్పూ చెప్పలేదు.

ఇక నా అసలు మాట. మీ ప్రశ్నలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. ఫోన్లు ఒకటి, ఆ అబ్బాయి ఒకటి. ఫోన్ స్విచాఫ్ చేస్తే ఫోన్లు ఆగుతాయి. నిద్ర రాదు. మనం ఇంటికి తెచ్చుకునేది పని గంటల్ని అనుకుంటాం గానీ, నిజానికి తెచ్చుకునేది తేలని కేసుల్ని. వాటిని దింపుకునే చోటు లేనంతకాలం సెలవు పెట్టినా, ఊరెళ్లినా, అవి మన వెంటే బస్సెక్కుతాయి.

నాకిది ఎలా తెలిసిందో చెప్తాను, కొంచెం పొడుగు.

కె.ఆర్. పురంలో మా చిన్నాన్న కొడుకు గృహప్రవేశం. మొదటి బంతికి కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. అంతకు నాలుగు రోజుల ముందు కొడుకుని తీసుకుని నా దగ్గరికి వచ్చిన ఒక తండ్రి. అనంతపురం వైపు మనిషి, ఇక్కడ ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం. "మేడమ్, రేపే పీయూసీ ఫీజుకి ఆఖరు రోజు. సైన్సా, కామర్సా, ఒక్క మాట చెప్పండి." పీయూసీ అంటే మన ఇంటరే. నేను విస్తరి ముందు నుంచి లేచి మేడ మీదికి వెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన ఎండలో నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. ఆ ఒక్క మాట ఎటూ చెప్పలేకపోయాను, ఫోన్ పెట్టేయలేకా పోయాను. కిందికి వచ్చేసరికి ఆఖరి బంతి కూడా అయిపోయి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. మా అమ్మ ఒక టిఫిన్ డబ్బాలో రెండు ఓళిగలు దాచి ఉంచింది. మా ఆయన ఏమీ అనలేదు. కారులో కూడా ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటికి నాకు సూపర్విజన్ మొదలై రెండు నెలలు. మల్లేశ్వరంలో ఉండే ఒక కన్నడ మేడమ్, రిటైరైన సైకాలజీ లెక్చరర్. ఆ వారం ఈ కేసు పట్టుకెళ్లాను. నేను ఫోన్ గురించి, బంతి గురించి, మా ఆయన గురించి చెప్పుకుపోతుంటే ఆవిడ విని, "అబ్బాయి ఏమన్నాడు?" అన్నారు. నోట్స్ తీశాను. రెండు పేజీలు. అంతా తండ్రి మాటలే. పిల్లాడి నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటి లేదు. వాడు గంటసేపూ మార్కుల ఫైలు ప్లాస్టిక్ కవరుని గోటితో గీరుతూ కూర్చున్నాడని మాత్రం అప్పుడు గుర్తొచ్చింది.

నేను బెదిరిపోయి, "సరే మేడమ్, ఇప్పుడు ఏం చేయాలో మీరే చెప్పండి, ఆయన మళ్లీ చేస్తాడు" అన్నాను. ఆవిడ నవ్వి, "మీరు నన్ను ఇప్పుడు అడిగింది, ఆయన మిమ్మల్ని మేడ మీద అడిగినట్టే లేదూ?" అన్నారు.

దీనికి మన రంగంలో పేరుంది, పారలల్ ప్రాసెస్ అంటారు. 1955లోనే హెరాల్డ్ సెర్ల్స్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు దీని గురించి రాశాడు. రోగికీ వైద్యుడికీ మధ్య జరిగేది, ఆ వైద్యుడికీ అతని సూపర్‌వైజర్‌కీ మధ్య తెలియకుండానే మళ్లీ జరుగుతుందని. తండ్రి టెన్షన్ నాలోకి, నా టెన్షన్ ఆవిడ ముందుకి. ఆవిడ దాన్ని ఇంకొకరికి అందించకుండా అక్కడ ఆపారు. సూపర్‌వైజర్ చేసే పని చాలావరకు ఇదే.

తర్వాత తవ్వితే నా వైపుదీ బయటపడింది. మా అన్నను ఇంటర్‌లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేశారు, వాడికి ఇష్టం లేకుండా. వాడిప్పుడు బ్యాంకులో హాయిగా ఉన్నాడు, ఆ సంగతి ఎత్తడు కూడా. బాధంతా నాకే మిగిలింది. ఏ తండ్రి "సైన్స్" అన్నా నేను మా ఇంటి వరండాలోకి వెళ్లిపోతున్నాను. అందుకే ఆ ఫోన్ పెట్టలేకపోయాను.

ఫీజు గడువు ఎలాగో ఒక వారం పెంచించుకున్నారు. ఆ తండ్రీకొడుకుల్ని మళ్లీ పిలిచి, పదిహేను నిమిషాలు అబ్బాయితో ఒక్కడితోనే కూర్చున్నాను. వాడన్న మాట: "నేను చెప్తే నాన్న తిడతాడు మేడమ్, మీరు చెప్తే వింటాడు. అందుకే ఊరుకున్నా." అంటే ఇటు తండ్రీ, అటు కొడుకూ ఇద్దరూ నా చేతే చెప్పించాలని చూస్తున్నారు. నా మెడ నొప్పికి కారణం అప్పుడు అర్థమైంది. చివరికి వాడు సైన్సే తీసుకున్నాడు, తండ్రి ముందు తన నోటితో చెప్పి తీసుకున్నాడు. ఆ తర్వాత ఏమయ్యాడో నాకు తెలియదు.

ఇలా ఒక్క గంట. దానికి నేను ఇచ్చింది అప్పటి నా ఒక సెషన్ ఫీజు కంటే కొంచెం ఎక్కువ. డబ్బు దండగ అనిపించిందా అంటే మొదటి నెల అనిపించింది.

బెంగళూరులో తెలుగువాళ్లతో పనిచేసేవాళ్లకు ఇంకో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది, మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. "మీది ఏ ఊరు మేడమ్?" అన్న ప్రశ్న. ఊరు చెప్పగానే వాళ్ల పెద్దమ్మ తోడికోడలిది పక్క మండలం అవుతుంది. ఇంకేముంది, మేడమ్ కాస్తా అక్క అవుతుంది. అక్కకి ఫీజు అడిగే హక్కుండదు, అక్కకి వేళాపాళా ఉండదు, అక్క పండక్కి కూడా ఫోన్ ఎత్తాలి. మరాఠాహళ్లిలో, బెళ్లందూరులో, కె.ఆర్. పురంలో సొంతవాళ్లెవరూ దగ్గర లేక ఉండే కుటుంబాలు, వాళ్లకు నిజంగానే ఒక అక్క కావాలి. దాన్ని నేను తప్పు పట్టను. కానీ అక్క సలహా ఇస్తుంది, కౌన్సెలర్ ఇవ్వకూడదు. పైగా ఇంట్లో తల్లిదండ్రులు తెలుగు, పిల్లలు ఇంగ్లీషూ కన్నడా, మధ్యలో మనం దుబాసీలం. నేను చేసేది ఇది: ఊరి పలకరింపు నోటితో, మిగిలినవన్నీ కాగితం మీద. మొదటి రోజే ఒక పేజీ తెలుగులోనే ఇస్తాను. ఫోన్ ఏ వేళల్లో, వాట్సాప్‌లో ఏ సంగతులకు జవాబిస్తాను, వేటికి ఇవ్వను, అర్జంటైతే ఎవరికి చేయాలి. సంతకం పెట్టించుకుంటాను. "మనవాళ్ల దగ్గర కూడా సంతకమా?" అని ఒకాయన మొహం ముడుచుకున్నారు. పెట్టారు, తర్వాత ఇంకో ముగ్గుర్ని పంపారు కూడా.

ఆ పేజీలో అర్జంట్ గడి ఖాళీగా ఉంచకండి. పదకొండింటి ఫోన్లను మీరు కట్ చేయలేకపోవడానికి అసలు భయం అక్కడుంది: నేను ఎత్తని ఆ ఒక్క ఫోన్ ఏ పిల్లాడిదో అని. ఫలితాల రోజుల్లో ఆ భయం ఊరికే వచ్చేది కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 అక్కడ అచ్చు వేయించండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగుతో సహా ఇరవై భాషల్లో మాట్లాడతారు. దీనికి జాతీయ స్థాయి కేంద్రం మన బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్సే. మీ ఫోన్ ఆగినంత మాత్రాన వాళ్లకు దారి మూసుకుపోలేదని మీకు తెలిస్తేనే మీరు ఫోన్ పక్కన పెట్టగలరు. సెషన్‌లో పిల్లలు చచ్చిపోవాలనుంది అన్నా, ఎవరో ఒంటిమీద చెయ్యేశారని చెప్పినా, వచ్చే వారం సూపర్విజన్‌లో చూద్దాంలే అని ఆగే సంగతులు కావవి. రెండోదాన్ని పోలీసులకు చెప్పి తీరాలని, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టమే చెప్తుంది. ఇలాంటప్పుడు ఆ రోజే ఫోన్ చేయడానికి సూపర్‌వైజర్ ఒప్పుకుంటారా అన్నది ముందే అడిగి పెట్టుకోండి. నేను ఇన్నేళ్లలో అలా చేసింది నాలుగైదుసార్లే. ఆ వీలుందన్న ధైర్యం మాత్రం రోజూ పనికొచ్చింది.

రోజుకు ఏడు సెషన్లంటే ఎక్కువ. అందులో కొత్తవాళ్లు నలుగురికి మించితే నాలుగో మనిషి మొహం మీకు గుర్తుండదు. బర్నౌట్, అంటే పని మనిషిని లోపల్నుంచి ఖాళీ చేసేయడం, దాని మీద ఎక్కువగా పనిచేసిన సైకాలజిస్టు క్రిస్టినా మాస్లాక్ దానికి మూడు ముఖాలుంటాయంటారు: అలసట, మనుషుల మీద ఒకలాంటి మొద్దుతనం, ఏం చేసినా ఉపయోగం లేదన్న భావన. అలసటను మనం అందరం గమనిస్తాం. నేను భయపడేది రెండోదానికి. పిల్లాడి పేరు పోయి, "ఇంకో లాంగ్‌టర్మ్ కేసు" అని నోటికొచ్చిందంటే ఆ రోజు ఆగి చూసుకోవాలి. మీరు ఒక అబ్బాయి కోసం నిద్ర పోగొట్టుకుంటున్నారు కాబట్టి ఇంకా అక్కడికి రాలేదనే నా లెక్క.

బ్యాలెన్స్‌ని రోజు లెక్కన చూడకండి, మన పనికి అది కుదరదు. ఏడాది లెక్కన చూడండి. మనది వ్యవసాయం లాంటిది. జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడతతో మొదలవుతుంది, ఏప్రిల్‌లో రెండో విడత, సీఈటీ, మేలో నీట్, ఆపైన ఫలితాలు, సీట్లు, ఏడుపులు. జూలై దాకా కోతల కాలం. అప్పుడు ఆరింటికి ఇంటికెళ్లాలనుకుంటే నిరాశే. ఆగస్టులో ఒక వారం సెలవు మాత్రం ముందు ఏడాదే రాసి పెట్టుకోండి, టికెట్లు కొనేయండి. కోతల కాలంలో సూపర్విజన్ మానేయాలనిపిస్తుంది, టైము లేదని. నేను ఆ నెలల్లో రెండింతలు చేసుకుంటాను.

రోజువారీగా నేను వదలని అలవాటు ఒకటే. ప్రతి సెషన్ తర్వాత పావుగంట ఖాళీ, నోట్స్ చివర రెండు వాక్యాలు: ఇక్కడి నుంచి నా వంతు ఏమిటి, వాళ్ల వంతు ఏమిటి. నా వంతు అన్నచోట ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాస్తాను. మెట్రోలో ఆ కేసు మళ్లీ గుర్తొస్తే, రాశాను కదా అనుకుంటాను. అన్నిసార్లూ పనిచేయదు.

సూపర్‌వైజర్‌ను ఎక్కడ వెతకాలి అంటే, మీరున్నది ఇందుకు మంచి ఊరు. కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చే పరివర్తన్ లాంటి సంస్థలు ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నాయి. మన కుటుంబాల తీరుకు తగ్గట్టు కెరీర్ కౌన్సెలింగ్ ఎలా ఉండాలో ఆలోచించిన గిడియన్ అరుళ్‌మణి, ఆయన సంస్థ ప్రామిస్ ఫౌండేషన్, వీళ్ల పని కూడా ఈ ఊరిదే. ఇలాంటి చోట్ల చదివినవాళ్లలో, నేర్పినవాళ్లలో విడిగా సూపర్విజన్ ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మన దేశంలో కెరీర్ కౌన్సెలర్‌కు లైసెన్సు అంటూ ఏదీ లేదు కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకని మూడు విషయాలు అడగండి. మీరు సొంతంగా ఎవరి దగ్గర సూపర్విజన్ తీసుకుంటున్నారు? నా సంస్థతో మీకు ఏమైనా లావాదేవీ ఉందా? నా తప్పు ఒకటి కనిపిస్తే ఏం చేస్తారు? మొదటి ప్రశ్నకు తడబడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, మా మేడమ్‌కి రాదు. ఎంతసేపు అంటే, బ్రిటన్‌లోని కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ తన అక్రెడిటెడ్ సభ్యులకు నెలకు కనీసం గంటన్నర పెట్టింది. మీకూ అంతే చాలు, మొదట్లో.

డబ్బు కుదరకపోతే నలుగురు కౌన్సెలర్లు కలిసి కూర్చోండి. మాది ప్రతి రెండో శనివారం పొద్దున, ఒకరి ఇంట్లో. రెండు గంటలు, ఇద్దరి కేసులు. నియమాలు రెండే: సలహా అడగకుండా ఇవ్వకూడదు, ఇడ్లీలు కేసులు అయ్యాకే. రెండోది తేలిగ్గా తీసుకోకండి, ఇడ్లీ ముందొస్తే అది కబుర్ల సభ అయిపోతుంది. పిల్లల పేరు, స్కూలు, అపార్ట్‌మెంటు చెప్పకూడదు. మార్కుల కార్డు ఫోటోలు వాట్సాప్ గ్రూపులో అసలు వద్దు. మన చోట 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అందర్నీ పిల్లల కిందే లెక్కేస్తుంది, తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. మీ కేసులు ఇంకో నిపుణుల దగ్గర పేరు చెప్పకుండా చర్చిస్తారన్న వాక్యం కూడా ఆ మొదటి రోజు పేజీలోనే చేర్చండి.

ఇక మానేయడం. ముందు మీ మేనేజరుని నెలకు రెండు గంటలు, బయటి మనిషి దగ్గర, పని వేళల్లోనే కావాలని రాతపూర్వకంగా అడగండి. అక్కడ మాట్లాడింది ఆఫీసుకు రాదని కూడా రాయండి. ఆయన ఇస్తే ఉండండి. డబ్బు ఇవ్వం, టైము తీసుకోండి అంటే అదీ మంచి బేరమే. అదీ కుదరదంటే మీరు సొంతంగా ఆరు నెలలు తీసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి. అలసిపోయిన ఏప్రిల్‌లో రాజీనామా రాయకండి. ఒక్క సందర్భంలో మాత్రం ఆరు నెలలు ఆగవద్దంటాను: పిల్లలకు ఏది నప్పుతుందో కాకుండా, ఏ కాలేజీ కమిషన్ ఇస్తుందో అది చెప్పమని మీ మీద ఒత్తిడి ఉంటే. ఫారిన్ చదువుల కన్సల్టెన్సీల్లో ఇది మామూలే, అడ్మిషన్‌కి ఇంత అని యూనివర్సిటీల నుంచి వస్తుంది. పైన మూడు పనుల్లో మొదటిది లేకుండా మూడోది దొరకదన్నది ఇందుకే. ఆ నిద్రలేమిని ఏ సూపర్‌వైజరూ తగ్గించలేరు, తగ్గించకూడదు కూడా.

మళ్లీ రాని ఆ అబ్బాయి. నెల అంటున్నారు. రేపు పొద్దున ఆ ఇంటికి ఒక్కసారి ఫోన్ చేయండి, "ఎలా ఉన్నాడో కనుక్కుందామని" అని, అంతే. సెషన్ పెట్టుకోమని అడగకండి. వాళ్లు ఏం చెప్పినా, ఫోన్ ఎత్తకపోయినా, సూపర్విజన్‌కి మొదట పట్టుకెళ్లాల్సిన కేసు అదే. వెళ్లే ముందు మీ నోట్స్ తీసి, వాడు అన్న మాటల కింద గీత గీసి చూడండి, ఎన్ని గీతలు వస్తాయో.